ఆన్‌లైన్ జపనీస్ కోర్సుకి రూ.42,000: కట్టొచ్చా, వద్దా?

సీమ మెకానికల్:
అందరికీ నమస్తే. మెకానికల్‌లో బీటెక్ అయిపోయింది. తిరుపతి దగ్గర ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో చేస్తున్నాను. జీతం ఇరవై వేల లోపే. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి కదా, భాష వస్తే అక్కడైనా, తర్వాత జపాన్‌లోనైనా దారి దొరుకుతుందని ఆశ.

ఒక ఆన్‌లైన్ ఇన్‌స్టిట్యూట్ డెమో క్లాసు విన్నాను. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 అన్నిటికన్నా కింది స్థాయి, ఎన్1 అన్నిటికన్నా పైది. ఎన్5, ఎన్4 కలిపి ఆరు నెలలు, వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంట. ఫీజు రూ.42,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.49,560. ఆదివారం లోపు కడితే ఐదు వేలు తగ్గిస్తారట. ఒకేసారి కట్టలేకపోతే ఈఎంఐ ఉందంటున్నారు. రోజూ ఫోన్లు. నాన్న కట్టేద్దాం అంటున్నారు గానీ అది వేరుశనగ విత్తనాలకి దాచుకున్న డబ్బు.

యూట్యూబ్‌లో ఇంత ఫ్రీగా దొరుకుతుంటే అంత పోయడం అవసరమా? ఫ్రీగా మొదలుపెడితే మధ్యలో వదిలేస్తానేమో అని ఇంకో టెన్షన్. జపనీస్ అక్షరాల్లో హిరగానా వచ్చు, కతకానా సగం వచ్చు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మధురవాడ మంగా:
కట్టొద్దు బ్రో. నేను ఒక్క రూపాయి ఫీజు కట్టలేదు, ఎన్4 పాసయ్యాను. మిన్నా నో నిహొంగో పుస్తకాల ఇండియన్ ఎడిషన్ కొనుక్కున్నాను, ఫోన్‌లో పదాలు గుర్తుపెట్టుకునే ఫ్లాష్‌కార్డుల యాప్ ఆంకీ పెట్టుకున్నాను. ఆండ్రాయిడ్‌లో ఆంకీ ఉచితమే. రోజూ పదాలు తిరగేస్తే చాలు.

నిషికసాయి అక్క:
తమ్ముడూ, ముందు ఆ ఆదివారం గడువు పక్కన పెట్టు. ఆదివారం దాటాక కూడా వాళ్లు అదే రేటుకి ఇస్తామని ఫోన్ చేస్తారు.

నేను టోక్యోలో ఐటీలో పనిచేస్తున్నాను. మా నిషికసాయి చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉంటారు. వచ్చిన కొత్తలో అందరూ అడిగేది ఇదే ప్రశ్న. ఎన్5, ఎన్4 స్థాయి పాఠాలకి డబ్బు పెట్టాల్సిన అవసరం ఈ రోజుల్లో లేదు. జపాన్ ఫౌండేషన్ అంటే జపాన్ ప్రభుత్వం పెట్టిన సంస్థ. వాళ్ల ఇరొదొరి పుస్తకం పీడీఎఫ్, ఆడియోతో సహా ఉచితంగా ఇస్తున్నారు. జపాన్‌లో ఉండేవాళ్లకి, పనిచేసేవాళ్లకి రోజూ ఎదురయ్యే మాటలతోనే పాఠాలన్నీ ఉంటాయి. అదే సంస్థకి మినాతో అని ఆన్‌లైన్ కోర్సుల సైట్ ఉంది. అందులో సొంతంగా చదువుకునే కోర్సులకి ఫీజు లేదు. ఎన్‌హెచ్‌కె వాళ్ల సులువు జపనీస్ వార్తల్లో కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల మీద చదివే తీరు కూడా రాసి ఉంటుంది. ఇవి నాసిరకం సరుకు కాదు, పెద్ద పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లలో చెప్పే దానికి ఏ మాత్రం తీసిపోవు.

అయితే మంగా గారు చెప్పినదానికి ఒకటి కలపాలి. జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగం లేదు, రాసే భాగం లేదు. మొత్తం ఇచ్చిన జవాబుల్లో సరైనది గుర్తించడమే. ఎన్3 సర్టిఫికెట్ చేతిలో ఉండి, ఇంటర్వ్యూలో తన పని గురించి నాలుగు ముక్కలు చెప్పలేక ఇబ్బంది పడినవాళ్లని నా టీమ్‌లోనే చూశాను. వాళ్లేమీ కష్టపడకుండా కూర్చున్నవాళ్లు కాదు. వాళ్ల జపనీస్ విని 'ఇది తప్పు, ఇలా అను' అని చెప్పిన మనిషి వాళ్లకి ఎప్పుడూ దొరకలేదు. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

లెక్కల మాస్టారు:
ఒక లెక్క వేసి చూపిస్తాను. వారానికి మూడు గంటలు, ఆరు నెలలకి సుమారు 78 గంటలు. రూ.49,560ని 78తో భాగిస్తే గంటకి రూ.635 పైమాట. ఇది మరీ దారుణమైన రేటేమీ కాదు. కానీ అసలు ప్రశ్న బ్యాచ్‌లో ఎంతమంది అన్నది.

2010లో జేఎల్‌పీటీని అయిదు స్థాయిలుగా మార్చక ముందు నాలుగు స్థాయిలే ఉండేవి. అప్పట్లో ఒక్కో స్థాయికి ఎన్ని గంటల చదువు కావాలో అధికారికంగానే చెప్పేవారు: అన్నిటికన్నా కింది స్థాయికి 150, దాని పైదానికి 300, ఆ పైన 600, చివరిదానికి 900. కింది రెండూ దాదాపు ఇప్పటి ఎన్5, ఎన్4. అంటే ఎన్4కి 300 గంటలు అనుకుంటే, మీ కోర్సు ఇచ్చేది 78. మిగతా 222 గంటలు మీరు ఒక్కరే కూర్చోవాలి. వారానికి ఎనిమిదిన్నర గంటలు. ఫీజు కట్టినా కట్టకపోయినా ఆ ఎనిమిదిన్నర గంటలు మీవే. 'ఆరు నెలల్లో ఎన్4 గ్యారంటీ' అని ఎవరైనా అంటే, ఈ 222 గంటల గురించి ఏం చెప్తారో అడగండి.

బ్యాచ్ సైజు కనుక్కుని చెప్పండి, మిగతా లెక్క వేద్దాం.

సీమ మెకానికల్:
ఇప్పుడే అడిగాను మాస్టారూ. 'ఇరవై అయిదు, ఒక్కోసారి ముప్పై' అన్నారు. రికార్డింగులు ఏడాదిపాటు చూసుకోవచ్చట.

లెక్కల మాస్టారు:
ఇరవై అయిదుగురైతే, టీచర్ అస్సలు నోరు తెరవకుండా ఉన్నా ఒక్కొక్కరికి గంటలో రెండు నిమిషాల చిల్లర. టీచర్ సగం సేపు పాఠం చెప్తే నిమిషం పైచిలుకు. ఆరు నెలల కోర్సు మొత్తం కలిపితే మీరు మాట్లాడేది గంటన్నర. యాభై వేలకి గంటన్నర. రికార్డింగులు ఏడాది ఉండటం వల్ల ఆ గంటన్నర పెరగదు.

సెన్సేయి బెంగళూరు:
నేను జపనీస్ టీచర్‌ని, ఊరు గుంటూరు, ఉండేది బెంగళూరు. ఆన్‌లైన్‌లోనే చెప్తాను. నా క్లాసుల ప్రచారం ఇక్కడ చేయను, మెసేజ్‌లు పెట్టొద్దు. కానీ ఫీజు తీసుకునే మనిషిగా, ఆ ఫీజు దేనికో చెప్పాల్సిన బాధ్యత ఉంది.

మాస్టారి లెక్క సరిగ్గా ఉంది. పాతిక మందితో భాషా క్లాసు జరగదు, ఉపన్యాసం జరుగుతుంది. ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది దాటితే నేను బ్యాచ్ విడగొడతాను. దానివల్ల నాకు ఆదాయం తగ్గుతుంది. పెద్ద బ్యాచ్‌లు పెట్టేవాళ్లకి అందుకే అంత మిగులుతుంది.

టీచర్ దగ్గర మాత్రమే దొరికేది ఏమిటో ఉదాహరణలతో చెప్తాను. కతకానాలో 'షి', 'త్సు' రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. 'షి'లో చిన్న గీతలు రెండూ ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పెద్ద గీత కింది నుంచి పైకి లాగాలి. 'త్సు'లో చిన్న గీతలు పైన పక్కపక్కనే ఉంటాయి, పెద్ద గీత పై నుంచి కిందికి దిగాలి. ఫోన్ యాప్‌లో వేలితో గుర్తుపట్టేటప్పుడు ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. నా దగ్గరికి సగం నేర్చుకుని వచ్చేవాళ్లలో చాలామంది రెండూ ఒకేలా రాస్తారు. అలవాటు ముదిరాక మార్చడం నాకూ కష్టం, వాళ్లకీ కష్టం.

పలకడం ఇంకో సంగతి. వీడియోల్లో రాసింది చూసి మనవాళ్లు 'దేసు' అని సాగదీస్తారు. జపాన్ వాళ్ల నోట అది 'దెస్' అని వినపడుతుంది, చివరి ఉకారం దాదాపు మింగేస్తారు. అయినా మనకి కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. 'బీరు' అంటే తాగే బీరు, 'బిరు' అంటే బిల్డింగ్. ఈ హ్రస్వ దీర్ఘాల తేడా ఇంగ్లిష్ వాళ్లకి నెలలు పడుతుంది, మనకి మొదటి రోజే వినపడుతుంది. 'త్సు' పలకలేకపోతున్నామంటే 'చుక్క' అనమంటాను, మన నోట్లో ఆ మొదటి అక్షరం ఎలా వస్తుందో అలాగే అనమంటాను. చటుక్కున వచ్చేస్తుంది. ఇలాంటివి ఇంగ్లిష్‌లో పాఠం చెప్పే పెద్ద కోర్సులో ఎవరు చెప్తారు?

వ్యాకరణం మాత్రం తెలుగువాళ్లు సగం నేర్చుకునే పుడతారని నా నమ్మకం. క్రియ చివర్లో వస్తుంది, విభక్తి పేరు వెనక అతుక్కుంటుంది. 'నిన్న నేను చదివిన పుస్తకం' అంటే 'కినో వతాషి గ యోంద హోన్'. వరస తప్పకుండా మాటకి మాట సరిపోతుంది. 'తిని చూడు' అంటే 'తబెతె మితె', వాళ్లు కూడా తిని 'చూడమనే' అంటారు. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకుంటే ఇదంతా తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టాలి. అందుకే వ్యాకరణం పాఠాల కోసం మీరు డబ్బు పెట్టొద్దనే చెప్తాను. తెలుగులో ఆలోచిస్తూ పుస్తకం చదువుకోండి చాలు.

మధురవాడ మంగా:
సెన్సేయి గారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నా. రాత తప్పులంటారా, ఇప్పుడు అందరూ టైప్ చేసేవాళ్లే. పలకడం అంటారా, అనిమే, అంటే జపాన్ కార్టూన్లు ఏళ్ల తరబడి వింటే చెవికి పట్టేస్తుంది. ఉద్యోగం కోసం కాకుండా ఇష్టం కోసం నేర్చుకునేవాళ్లకి ఫీజు దేనికి?

సెన్సేయి బెంగళూరు:
ఇష్టం కోసమైతే మీ దారి మంచిదే, అందులో నాకు అభ్యంతరం లేదు. విని విని చెవి తయారవుతుంది, నిజం. కానీ సీమ మెకానికల్ గారు వెళ్లాల్సింది ఫ్యాక్టరీకి, ఇంటర్వ్యూకి. అనిమేలో కుర్రాళ్లు మాట్లాడుకునే చనువు భాష మేనేజర్ ముందు మాట్లాడితే మన్నన లేనట్టు ఉంటుంది. మన దగ్గర సెక్షన్ హెడ్‌ని మొదటి రోజే 'ఏరా' అన్నట్టు. మర్యాద భాష ఎదురుగా ఒకరు ఉండి సరిదిద్దితేనే పడుతుంది.

ఓరుగల్లు:
ఈఎంఐ గురించి నా అనుభవం చెప్తాను, చాలామందికి పనికొస్తుంది. రెండేళ్ల క్రితం ఇలాగే ఒక ఆన్‌లైన్ సంస్థలో చేరాను. పేరు రాయను. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నారు. ఆధార్, పాన్ తీసుకుని లింక్ పంపారు, ఓటీపీ చెప్పించుకున్నారు. తర్వాత చూస్తే అది ఫీజు వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద ఇచ్చిన లోన్. సంస్థకి డబ్బు మొత్తం మొదటి రోజే ముట్టింది. రెండో నెలలో టీచర్ మారారు, మూడో నెలలో ఇంకొకరు. రెండు బ్యాచ్‌లు కలిపేశారు. మానేస్తానంటే రిఫండ్ లేదన్నారు. క్లాసులకి వెళ్లకపోయినా వాయిదా మాత్రం ప్రతి నెలా కట్ అయ్యేది. ఆపితే సిబిల్ స్కోర్ పోతుంది, అదో బెదురు.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక కొంత వెనక్కి ఇచ్చారు, మొత్తం కాదు. తమ్ముడూ, ఈఎంఐ అన్న మాట వినగానే 'లోన్ ఎవరు ఇస్తున్నారు, ఎవరి పేరు మీద' అని అడుగు. యాప్‌లో ఇచ్చే లోన్ అయితే ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ అని కొంత గడువు ఉంటుంది. ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఆ గడువు ఎంతో లోన్ కాగితాల్లో రాసి ఉంటుంది, సంతకానికి ముందే చూడాలి. ఈ విషయం నాకు ఒక్కరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఖమ్మం నర్స్:
ఓరుగల్లు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా హాస్టల్‌లో ఇద్దరు అలాగే ఇరుక్కున్నారు.

సీమ గారూ, మీరు జపాన్ ఏ దారిలో వెళ్లాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. దాన్నిబట్టి పరీక్ష మారుతుంది. 2019లో జపాన్ మొదలుపెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం అయింది. దానికి చాలా పనుల్లో ఎన్4 గానీ, జపాన్ ఫౌండేషన్ పెట్టే జేఎఫ్‌టీ బేసిక్ పరీక్ష గానీ ఉంటే చాలు, ఆపైన ఆయా పని తాలూకు పరీక్ష. నేను వృద్ధుల సంరక్షణ వైపు వెళ్తున్నాను కాబట్టి ఆ పనికి సంబంధించిన జపనీస్ పరీక్ష ఇంకోటి అదనం. జేఎల్‌పీటీ జులైలో, డిసెంబర్‌లో మాత్రమే. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద రాసేది, ఏడాదిలో చాలాసార్లు పెడతారు. 250కి 200 రావాలి. పూర్తవగానే స్క్రీన్ మీదే మార్కులు కనపడతాయి. పై అక్క చెప్పిన ఇరొదొరి పుస్తకం చదివితే ఈ పరీక్షకి సరిగ్గా సరిపోతుంది.

ఇంకోటి. కోర్సు ఫీజుతో పాటు 'జపాన్ ప్లేస్‌మెంట్' అని లక్షలు అడిగేవాళ్లు ఉంటారు. విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. వాళ్లు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ 30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి. తెలంగాణలో అయితే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవాళ్లని జపాన్‌కి పంపే కార్యక్రమాలు నడుపుతోంది. మీ వైపు ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో ఏముందో కనుక్కోండి.

శ్రీసిటీ షిఫ్ట్:
నేను శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో ప్రొడక్షన్‌లో ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఎన్5 ఉందని ఇక్కడ ఎవరికీ ఎక్కువ జీతం ఇవ్వరు. లైన్ మీద పనిచేసేవాడికి కైజెన్ (పని మెరుగుపరచడం), గెంబా (పని జరిగే చోటు) లాంటి మాటలు వస్తే చాలు, మిగతాదంతా ఇంగ్లిష్, తెలుగు, తమిళం. భాషకి డబ్బులొచ్చేది ట్రాన్స్‌లేటర్ పనికి. దానికి ఎన్3 అడుగుతారు, మంచివాటికి ఎన్2. ఎన్4తో శ్రీసిటీలో జాబ్ గ్యారంటీ అని మీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పుంటే నమ్మకండి.

కానీ పూర్తిగా వృథా అని కూడా అనను. మా దగ్గర జపాన్ ట్రైనింగ్‌కి పంపేటప్పుడు కాస్త భాష వచ్చినవాళ్లని ముందు చూస్తారు. జపాన్ ఇంజినీర్ మెషిన్ దగ్గరికి వచ్చినప్పుడు తప్పో ఒప్పో రెండు ముక్కలు వాళ్ల భాషలో చెప్పిన కుర్రాడి పేరు ఆయన గుర్తుపెట్టుకుంటాడు. పైగా మా కంపెనీ పరీక్ష పాసైతే ఆ ఫీజు తిరిగిస్తుంది. మీ కంపెనీలో ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి.

నిషికసాయి అక్క:
శ్రీసిటీ గారి మాట బాగుంది. అంటే నీ అసలు గమ్యం ఎన్3, ఆ పైన. ఉన్న డబ్బంతా ఎన్5కే పోసేస్తే అసలు అవసరం వచ్చినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. ఎన్3 దగ్గర చదివే భాగం, వినే భాగం ఒక్కసారిగా కష్టమవుతాయి, చాలామంది ఆగిపోయేది అక్కడే. ఫీజు అప్పటికి దాచుకో. ఇక్కడ హైలీ స్కిల్డ్ వీసాకి పాయింట్ల లెక్కలో ఎన్2కి 10, ఎన్1కి 15 ఇస్తారు. ఎన్5, ఎన్4లకి అందులో చోటే లేదు.

ఈలోపు వారానికి ఒక్క గంట ఒకరితో ఒకరు మాట్లాడే క్లాసు తీసుకుంటే సరిపోతుంది. ఐటాకీ లాంటి ఆన్‌లైన్ సైట్లలో టీచర్లు రేటు ఎవరికి వారే పెట్టుకుంటారు, ఏ క్లాసుకి ఆ క్లాసే కట్టొచ్చు. నచ్చకపోతే ఆ వారమే మారిపోవచ్చు, లోన్ లేదు, రిఫండ్ గొడవ లేదు.

సీమ మెకానికల్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి నెల నెలా కట్టొచ్చా అని అడిగాను, కుదరదన్నారు. టీచర్ మారితే ఏంటి అంటే 'మా టీచర్లందరూ ఒకటే' అన్నారు. ఈఎంఐ లోనే, నా పేరు మీదే. అందుకే వద్దని చెప్పేశాను. ఇరొదొరి దింపుకున్నాను, వారానికి ఒక గంట విడిగా క్లాసు పెట్టుకుంటాను. మధ్యలో వదిలేస్తానేమో అన్న భయం మాత్రం పోలేదు. మా కంపెనీలోనే ఇంకో ఇద్దరు నేర్చుకుంటామంటున్నారు, షిఫ్ట్ అయ్యాక ముగ్గురం కలిసి కూర్చుందామని అనుకున్నాం.

సెన్సేయి గారూ, నా గురించి చెప్పుకోవడానికి రెండు వాక్యాలు రాశాను, తప్పుంటే చెప్పండి: 'తిరుపతి ని సున్దె ఇమాసు. తిరుపతి ని హతరాఇతె ఇమాసు.'

సెన్సేయి బెంగళూరు:
మొదటిది సరిగ్గా ఉంది. రెండోదానిలో 'ని' కాదు, 'దె' రావాలి: 'తిరుపతి దె హతరాఇతె ఇమాసు'. మనకి 'తిరుపతిలో ఉంటున్నాను', 'తిరుపతిలో పనిచేస్తున్నాను' రెండిటికీ 'లో'నే కాబట్టి ఈ తప్పు తెలుగువాళ్లందరికీ వస్తుంది. ఉండే చోటుకి 'ని', పని జరిగే చోటుకి 'దె'. ముగ్గురూ ఒకరి వాక్యాలు ఒకరు చూసుకునేటప్పుడు ముందు ఇదే వెతకండి. ఈ రెండూ పైకి చదివి ఆడియో ఇక్కడ పెట్టండి, 'సున్దె' దగ్గర మీ 'న్' ఎలా వస్తుందో వినాలి.